క్లబ్బు చరిత్రలో లేని గడ్డి

మొన్న వేసవిలో ఊరు వెళ్లినప్పుడు, మా తమ్ముడి కొడుకు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టి, తాతయ్య పనిచేసిన క్లబ్బు ఇదేనా అత్తా అని అడిగాడు. ఇదే. అరబ్బు దేశంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు. వాళ్ల చరిత్ర వాళ్లే ఇంగ్లీషులో రాసి ఇంటర్నెట్‌లో పెట్టుకున్నారు. కళ్లజోడు తగిలించుకుని శ్రద్ధగా చదివాను. ముత్యాల వ్యాపారుల ఇళ్లలోని కుర్రాళ్లు సరదాగా మొదలుపెట్టారట. తర్వాత లీగులో చేరి, జీతాలిచ్చి ఆటగాళ్లను పెట్టుకున్నారట. ఒక ఏడు పెద్ద కప్పు గెలిచారట, అదంతా కోచ్ గారి తెలివట. ఆ పైన ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయకు అవతలి ఒడ్డున ఉన్న క్లబ్బుతో కలిసిపోయి కొత్త పేరు పెట్టుకున్నారట. ఇప్పుడు ప్రపంచ స్థాయి సౌకర్యాలు ఉన్నాయట. అధ్యక్షుల ఫోటోలు వరసగా ఉన్నాయి, కోచ్‌ల ఫోటోలు ఉన్నాయి, చివరికి టీము బస్సు ఫోటో కూడా ఉంది. గడ్డి గురించి ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. వీళ్లు అన్నేళ్లూ గాలిలో ఆడారా? కాళ్ల కింద ఏమీ లేదా? ఇది చరిత్ర కాదురా, పెళ్లి శుభలేఖ అని ఫోను వాడి చేతిలో పెట్టేశాను. వాడికి నా బాధ ఎక్కలేదు. వాడు ఏలూరులో గంటల లెక్కన అద్దెకిచ్చే ప్లాస్టిక్ గడ్డి మీద, చుట్టూ వలలు కట్టిన చోట ఆడుకునే పిల్లవాడు.

మా నాన్న దానియేలు గారు ఆ క్లబ్బులో గడ్డి పెంచేవారు. దాదాపు ఇరవై ఏళ్లు అదే పని. ఈ ఒక్క మాట చెప్పడానికి బడిలో నేను పడిన అవస్థ ఇంతా అంతా కాదు. మా వైపు గల్ఫ్ వెళ్లినవాళ్లు డ్రైవరో, వంటమనిషో, తాపీమేస్త్రీయో అయి ఉంటారు. ఆ మాట ఎవరికైనా అర్థమవుతుంది. గడ్డి పెంచడమేమిటి? కొల్లేటి పక్కన, కాలవల కింద, అడుగు పెడితే గడ్డి మొలిచే నేలలో పుట్టిన వాళ్లం. దాన్ని తీయించలేక చచ్చే ఊళ్లలో, ఒక మనిషి విమానమెక్కి వెళ్లి పరాయి దేశంలో గడ్డికి నీళ్లు పెడుతున్నాడంటే నవ్వరా? అందుకని మా అమ్మ, ఎవరైనా అడిగితే గ్రౌండ్ ఆఫీసరని చెప్పమనేది. పాస్టరు గారికి మాత్రం గ్రౌండ్ మేనేజరని చెప్పింది. ఆవిడ లెక్కలో ఆఫీసరు కన్నా మేనేజరు ఒక మెట్టు పైన. మా నాయనమ్మ మరియమ్మది ఇంకో దిగులు. ఏలూరులో క్లబ్బంటే పేకాటే. కొడుకు పేకాట క్లబ్బులో ఇరుక్కుపోయాడని ఆవిడ ఏళ్ల తరబడి నమ్మింది. రోజూ సాయంత్రం చిన్న ఇత్తడి రోట్లో తమలపాకు దంచుకుంటూ, దేవా, నా బిడ్డ చేతికి ఆ ముక్కలు అంటనీయకు అని వీధిలోకి వినబడేలా ప్రార్థించేది. అది ఆటల క్లబ్బు మామ్మా అని నేను ఎన్నిసార్లు చెప్పినా, ఆటే కదా నేనూ అంటున్నది అనేది.

రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చినప్పుడు, నాన్న మాకు క్లబ్బు చరిత్ర చెప్పేవారు. నిజమైన చరిత్ర. ఆయన లెక్కలో అది మూడు నేలల కథ. మొదటిది ఇసుక. ఊరి పిల్లలు వట్టి కాళ్లతో ఇసుకలో ఆడేవారట. కాళ్లు కాలకుండా పొద్దు వాలాక మొదలుపెట్టేవారట. చేపల వలల పాత తాళ్లు ఇసుకలో పాతి, అవే గీతలనుకునేవారట. ఇసుక కుదురుకోవడానికి సముద్రం నీళ్లు బిందెలతో మోసి చల్లేవారట. ఇదంతా క్లబ్బు స్టోర్ చూసుకునే ముసలాయన నాన్నకు చెప్పింది. రెండోది గడ్డి. అది నాన్న హయాం. విత్తనం ఎక్కడో అమెరికా నుంచి పెట్టెల్లో వచ్చిందట, దాన్ని తెల్లదొరలే చల్లించారట. మొలకెత్తాక నాన్న వంగి చూసి, ఒక పోచ నోట్లో పెట్టుకుని నమిలి, నవ్వాపుకోలేకపోయారట. అది మన గరిక. కాలవ గట్టున ఊరికే మొలిచే గరిక. దానికి అక్కడ పైపులు, మందులు, శుద్ధి చేసిన మురుగునీళ్లు తెచ్చే ట్యాంకర్లు, ఎండ తగలకుండా నీడ వలలు. ఒక్కో వేసవిలో దానికి చేసిన సేవ మా ఇంట్లో ఎవరికీ జరగలేదని అమ్మ దెప్పేది.

ఆయనకు క్లబ్బులో ఏ ఏడు ఏం జరిగిందో గడ్డిని బట్టే గుర్తు. గడ్డికి ఎర్ర తెగులు వచ్చిన ఏడు సెమీఫైనల్లో ఓడారు. కొత్త మోటారు పెట్టిన ఏడు బ్రెజిల్ కుర్రాడొచ్చాడు. వేళ్లు లోతుకి దిగిన ఏడు కప్పొచ్చింది. ఆ కప్పు కథ మేము ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. అన్నం ముందు కూర్చుంటే చాలు, చారు పోసుకునేలోపు మొదలుపెట్టేవారు. జట్టు కెప్టెన్ ఎడమ పక్క కాపు కాసేవాడు. మంచి ఆటగాడే కానీ వయసు మళ్లింది, మోకాలు పోయింది. అవతలి ఒడ్డు క్లబ్బులో ఆ పక్కన ఆడేవాడు చిచ్చరపిడుగు. ఆ ఆట మా మైదానంలో పడింది. అప్పుడు నాన్న ఎవరికీ చెప్పకుండా, వారం ముందు నుంచే ఎడమ పక్క పట్టీ మీద గడ్డి కోసే మర ఆపేశారు. అక్కడ గడ్డి వేలెడు ఎక్కువ పెరిగింది. ఆట రోజు మధ్యాహ్నం ఆ పట్టీకి మాత్రం ఇంకో తడి పెట్టారు. ఆటలో ఆ కుర్రాడు ముందుకి ఉరికాడు, బంతి వెనకే ఆగిపోయింది. ఆటంతా అదే వరస. గెలిచాక అందరూ కోచ్‌ని ఎత్తుకుని ఊరేగారు. కెప్టెన్ ఒక్కడూ మైదానం చివర పైపులు చుట్టుకుంటున్న నాన్న దగ్గరకు కుంటుకుంటూ వచ్చి, నుదుటి మీద ముద్దు పెట్టుకుని వెళ్లాడట. ఇక్కడికొచ్చేసరికి నాన్న అన్నం చెయ్యి గాలిలో ఆపేసేవారు. కూర చల్లారిపోతుందని అమ్మ అరిచేది.

మూడో నేల ప్లాస్టిక్. అప్పటికి నేను ఏలూరులో ఇంటర్ చదువుతున్నాను. తరాల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు క్లబ్బుల్నీ ఎవరో పెద్దలు కూర్చుని ఒకటి చేసేశారు. రెండు రంగులూ కలిపి ఒకే జెర్సీ కుట్టించారు. కొత్త కమిటీ వచ్చీ రాగానే పాత మైదానం తవ్వించి ప్లాస్టిక్ పరిపించింది. గడ్డి పోయింది, గడ్డి మనిషీ పోయాడు. వీడ్కోలుకి ఒక గోడ గడియారం ఇచ్చారు. దాని మధ్యలో కొత్త క్లబ్బు ముద్ర ఉంది. గడియారం పాడు కాలేదు కదా అని అమ్మ దాన్ని ముందు గదిలో తగిలించింది. మర్నాటికి నాన్న ఆ ముద్ర మీద తమ్ముడి సండే స్కూల్ స్టిక్కరు ఒకటి అంటించారు. గడియారం ఉండి కూడా, ఆయన ముందు మాకు ప్రశాంతంగా టైము చూసుకోవడానికి లేకపోయింది.

ఇక ఆయన ఇంటికొచ్చాక మా అవస్థలు మొదలయ్యాయి. తెల్లవారుజామునే లేచి వాకిట్లో నిలబడేవారు. ఆ వేళకి గడ్డికి తడి పెట్టడం అలవాటు, ఇక్కడ పెట్టడానికి గడ్డి లేదు. మమ్మల్ని లేపి, గాలి ఎటు వీస్తోందో చూడమనేవారు. శుక్రవారం సెలవనేవారు, ఎందుకంటే అక్కడ అంతే. ఆదివారం ఎలాగూ గుడికి. అంటే వారానికి రెండు సెలవులు. పొలం గట్టున నడిచేటప్పుడు, మైదానం మీద నడిచిన అలవాటుతో, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారు. దారిలో చేలవాళ్లు, ఏవండీ చెప్పు తెగిందా అని పాపం జాలిగా అడిగేవారు. నాట్లు వేయడం రాదు, ఎరువు చల్లడం రాదు, చేపల చెరువు దగ్గర మేత వాసనకి తల తిరుగుతుందనేవారు. ఇరవై ఏళ్లు ఒంటిచేత్తో సేద్యం చేసిన అమ్మకి ఈయన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. దూరాన ఉన్నప్పుడే నయం, వారానికోసారి ఫోన్లో మాట్లాడేవారు, ఇప్పుడు రోజంతా మాట్లాడుతున్నారని మా తాడేపల్లిగూడెం మేనమామతో మొరపెట్టుకుంది.

దానికి తోడు అమ్మకు గడ్డి అంటే పగ. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఆవిడ గట్లు చూడ్డానికి ఊళ్లోవాళ్లు వచ్చేవారు, అంత నున్నగా ఉండేవి. పొద్దున్నే ఊక పొయ్యి మీద కాఫీ నీళ్లు పడేసి, అవి కాగేలోపు పెరట్లో నాలుగు మొక్కలు పీకి వచ్చేది. ఆవిడ చీర కొంగుకి ఎప్పుడూ బురద, తుంగ పసరు కలిసిన వాసన. ఆ వాసన ఇప్పటికీ నాకు అమ్మ అంటే గుర్తొచ్చే మొదటి సంగతి. చర్చిలో ఆరాధన ముగిసి బయటికొస్తూ, వంగి ఆవరణలో రెండు తుంగలు లాగి పక్కన పారేసేది. ఎవరినైనా సమాధి చేయడానికి వెళ్లినా అంతే, మట్టి వేసి, ఏడ్చి, తిరిగొచ్చే దారిలో చుట్టుపక్కల సమాధుల మీద ఉన్నది పీకేది. అలాంటి మనిషికీ, గడ్డి తప్ప ఏదీ తెలియని మనిషికీ పెళ్లి కుదిర్చిన పెద్దలకు దండం పెట్టాలి.

ఇలా ఒక ఏడాది గడిచాక కెప్టెన్ నుంచి ఫోనొచ్చింది. ఆయన అప్పటికి ఆట మానేసి కొత్త క్లబ్బు కమిటీలో ఉన్నాడు. మోకాలి ఆపరేషన్‌కి హైదరాబాదు వస్తున్నాడట. ప్లాస్టిక్ మీద ఆటగాళ్ల కాళ్లు కాలిపోతున్నాయట, ప్రాక్టీసుకి మళ్లీ నిజం గడ్డి వేయించాలని కమిటీలో తాను పోట్లాడుతున్నాడట. వచ్చినప్పుడు మీ ఊరు వస్తాను, నీ చేతి గడ్డి ఉంటే చూపించు, ఫోటోలు తీసుకెళ్లి వాళ్ల ముందు పెడతాను, నిన్ను పిలిపిస్తాను అన్నాడట. ఫోను పెట్టేసి నాన్న ఈ సంగతంతా మాకు చెప్పారు. అంత సంతోషం ఆయన మొహంలో నేను అంతకుముందు చూడలేదు. నాయనమ్మ తమలపాకు దంచడం ఆపింది. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. మళ్లీ వెళ్తారా అని నేను అడిగితే, పిలిస్తే వెళ్లకుండా ఎలాగమ్మలూ అన్నారు.

మాకు ఉన్నది అరెకరం. నాన్న అక్కడి సంపాదనతో కొన్నదే. మూడు పక్కలా చేపల చెరువులు, నాలుగో పక్క డొంక. వేసవిలో దాళ్వా పంట కోత అయ్యీ అవగానే నాన్న ఆ అరెకరాన్నీ పట్టేశారు. వానాకాలం సార్వా నాట్ల నాటికి వదిలేస్తానని అమ్మకు మాటిచ్చారు. నల్లమట్టి పెళ్లలు పగలగొట్టించి, ఇసుక తోలించి, పాత తారు డ్రమ్ములో మట్టి కూరి దాన్ని రోలరన్నారు. కాలేజీ సెలవుల్లో నేనూ తమ్ముడూ దాన్ని తాడు కట్టి లాగాం. చెమట కళ్లలో పడి మండుతుంటే, ఇంకొక్కసారమ్మలూ, ఎడమ పక్క పల్లంగా ఉంది అనేవారు. నాకు పల్లమూ కనబడలేదు, మిట్టా కనబడలేదు. కాలవలు కట్టేసే వేళ అది. పక్క చెరువు నుంచి ఇంజను పెట్టి నీళ్లు తోడుకోవడానికి ఆ చెరువు ఆసామిని రోజూ బతిమాలుకునేవారు. ఇక గరిక. ఉంగుటూరు వైపు కాలవ గట్టున గరిక సన్నగా, దట్టంగా ఉంటుందని వెళ్లి, గోనెసంచుల్లో వేళ్లతో సహా తవ్వుకుని బస్సు టాపు మీద వేసుకొచ్చారు. దాన్ని జానెడు జానెడు దూరంలో వరసలు తీసి, వరినాటు వేసినట్టు వంగి నాటారు. డొంకన పోయేవాళ్లు సైకిళ్లు దిగి మరీ చూశారు. దానియేలు గారూ, కలుపు నాటుతున్నారేంటండీ అని ఒకాయన ఎంతో మర్యాదగా అడిగాడు. నాన్న అంతకంటే మర్యాదగా, అవునండీ అన్నారు.

గేదెలకు ఆ సంగతి ఊరి వాళ్లకంటే ముందే తెలిసింది. పచ్చిక కనబడగానే తిన్నగా అటే వచ్చేవి. కాపలాకి నాయనమ్మను నియమించారు. ఆవిడ గొడుగు వేసుకుని గట్టు మీద కర్రతో కూర్చుని, వచ్చే పోయే వాళ్లందరికీ, నా కొడుకు గడ్డి పండిస్తున్నాడు నాయనా, నేను గేదెల నుంచి కాస్తున్నాను, మీరే చెప్పండి అని ఫిర్యాదు చేసేది. కానీ ఒక్క గేదెను కూడా లోపలికి రానివ్వలేదు. రెండు నెలల్లో అది నిజంగానే పట్టింది. నేను ఆశ్చర్యపోయాను, ఒప్పుకోవాలి. చుట్టూ బురద చెరువుల మధ్య అంత నున్నటి పచ్చదనం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. సాయంత్రం కోసేవారు, మర లేదు కాబట్టి కొడవలితో, కూర్చుని, అంగుళం అంగుళం. కోసిన గరిక వాసన ఇంటిదాకా వచ్చేది. ఇది మా మైదానం వాసన అనేవారు. మా మైదానం అంటే ఏది అని అమ్మ అడిగేది.

కెప్టెన్ రావడం రెండుసార్లు వాయిదా పడింది. ఈలోగా వానలు పడ్డాయి, కాలవలు వదిలారు. చుట్టుపక్కల అందరూ నాట్లు మొదలుపెట్టారు. డొంక అవతల వేరేవాళ్ల చేలో పోసుకున్న మా నారు ముదిరిపోతోంది. అమ్మ రోజూ నారుమడి దగ్గర నిలబడి, గరిక వైపు చూసి, ఇంటికొచ్చి గిన్నెలు విసిరేసేది. వానకు గరికలో తుంగ కూడా లేచింది. నాన్న దాన్ని ఒక్కొక్కటే వేళ్లతో లాగుతూ కూర్చున్నారు. ఆ తుంగ పూర్తిగా తీసేలోపే, రేపు పొద్దున్నే ఏలూరులో దిగుతున్నానని కెప్టెన్ దగ్గర నుంచి కబురొచ్చింది. గది చూడాలి, కారు మాట్లాడాలి. తుంగ ఇంకా ముప్పాతిక వంతు అలాగే ఉంది. నాన్న చేతులు నలుపుకుంటుంటే, మీరు ఏలూరు వెళ్లిరండి, తుంగ నేను తీయిస్తానులెండి, నాట్ల మనుషులు ఊళ్లోనే ఉన్నారు అని అమ్మే అంది. నాన్న ఆవిడ వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. తన పనిలో ఆవిడ చెయ్యి వేయడం అదే మొదలు.

ఆ సాయంత్రం ఏలూరు నుంచి తిరిగొస్తూ కాలేజీ దగ్గర నన్ను కూడా ఎక్కించుకున్నారు. ఊరి ముందర ఆటో దిగి తిన్నగా పొలానికే వెళ్లాం. అరెకరం మొత్తం నల్లగా ఉంది. గట్టు పొడవునా గరిక కుప్పలు. సువార్తమ్మ, ఊళ్లో కలుపు ముఠాకి పెద్ద, కాళ్లు కడుక్కుంటూ మమ్మల్ని చూసి నవ్వింది. ఆవిడకు ఒళ్లంతా బురద, మొహం నిండా తృప్తి.

"ఒక్క గరిక పోచ లేకుండా తీశామండీ. మొండి గరికండి బాబూ, నడుములు పోయాయి. రేపే నాటేసుకోవచ్చండి."

పుట్టిన దగ్గర నుంచీ కలుపు తీస్తున్న చేతులవి. వానకు నానిన పొలంలో, నాట్ల వేళ, వరి కానిదంతా కలుపే. వాళ్లను తుంగ మాత్రం తీసి గరిక వదలమంటే, అది వాళ్ల బుర్రకు ఎలా ఎక్కుతుంది? ఇదంతా ఇప్పుడు నేను చెబుతున్న తెలివి. అప్పుడు నాకు సువార్తమ్మ జుట్టు పట్టుకోవాలనిపించింది. నాన్న చాలాసేపు గట్టు మీద నిలబడ్డారు. తర్వాత, మంచి పని చేశారమ్మా, ఇళ్లకెళ్లండి, చీకటి పడుతోంది అన్నారు. ఆ మర్యాదకు నాకు ఇంకా ఒళ్లు మండింది. ఇంటికొచ్చి నేను అరిచాను, నాయనమ్మ ఏడ్చింది, అమ్మ వంచిన తల ఎత్తకుండా అన్నం వార్చింది. నాన్న మాత్రం స్నానం చేసి, రేపటికి కొరమీను దొరుకుతుందా అని అడిగారు.

కెప్టెన్ వచ్చాడు. పొడవాటి తెల్ల అంగీ వేసుకొస్తాడని ఊరంతా చూడ్డానికి వస్తే, మామూలు ప్యాంటు చొక్కాలో చేతికర్రతో దిగి అందరినీ నిరాశపరిచాడు. నాన్న ఎదురెళ్లారు. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని అరబ్బీలో మొదలుపెట్టారు. అప్పుడు చూశాను నేను. మా ఇంట్లో ప్రతిదానికీ అమ్మ మొహం చూసే మనిషి కాదు ఆయన. గలగలా మాట్లాడుతున్నారు, చేతులు తిప్పుతున్నారు, పెద్దగా నవ్వుతున్నారు, కెప్టెన్ మాటకు అడ్డుపడి సరిదిద్దుతున్నారు. ఈ మనిషి ఇరవై ఏళ్లు ఎక్కడో బతికాడు, మాకు తెలియనే తెలియదు అనిపించింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇద్దరూ పొలానికి వెళ్లారు. కెప్టెన్ గట్టు మీద నిలబడి బురద వంక చూశాడు, వాడిపోయిన కుప్పలోంచి ఒక పోచ తీసి చూశాడు, ఏదో అడిగాడు. నాన్న మా వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పారు. కెప్టెన్ జేబులోంచి కెమెరా తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. కొరమీను పులుసు కారానికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మధ్యాహ్నం కారులో వెళ్లిపోయాడు. మళ్లీ ఫోను రాలేదు. మర్నాడు నాట్లకు నాన్న కూడా దిగారు. వరసలు మాత్రం ఎవరూ తీయనంత తిన్నగా తీశారు.

తర్వాత ఆయన చాలా ఏళ్లు బతికారు, అంతా మా మధ్యనే. సేద్యం రాలేదు. అమ్మ అరుపులూ తగ్గలేదు. కప్పు కథ మాత్రం కోడలికి, మనవడికి, పాలవాడికి కూడా చెప్పారు. గల్ఫ్‌లో ఉండగా రెండేళ్లకు ఒక నెల మాకు దక్కిన మనిషి, ఆ తర్వాత రోజూ దక్కాడు. దానికి మేమేమైనా గొప్పగా పొంగిపోయామా అంటే, లేదు, విసుక్కున్నాం. ఇప్పుడు ఆయన పోయి రెండేళ్లయింది. కాలవ గట్లకు సిమెంటు వేశారు, గరిక తవ్వుకుందామన్నా చోటు లేదు. ఏలూరులో, గూడెంలో పిల్లలు ప్లాస్టిక్ మీద ఆడి మోకాళ్లు గీసుకుని వస్తున్నారు. ఇళ్ల ముందు పచ్చిక పరిపించుకోవడానికి చదరపుటడుగుల లెక్కన దాన్ని చాపల్లా చుట్టి అమ్ముతున్నారు. కలుపు తీయడానికి మనుషులు లేరు, మందు కొడుతున్నారు. ఆనాడు నవ్విన ఊళ్లో ఇవాళ ఒక్కరికీ ఇది వింతగా లేదు. మా నాన్న ఒక్కడే ముందు పుట్టి పిచ్చివాడనిపించుకున్నాడు.

ఫోనులో చరిత్ర చదివిన ఆ రోజే, ఈ కోపమంతా వంటింట్లో కూర్చుని అమ్మ మీద కుమ్మరించాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వాళ్లు చూడు ఎలా రాశారో అన్నాను. ఆ రోజు ఆ గరిక ఉండి ఉంటే నాన్న పేరు అందులో ఉండేది అన్నాను. సువార్తమ్మ ఎదురుపడితే నాకు ఇప్పటికీ పలకరించబుద్ధి కాదు అన్నాను. అమ్మ చేట ఆపింది.

"సువార్తమ్మనేం అనకు. నేను తుంగ ఒక్కటే తీయమన్నాను. మధ్యాహ్నం వాళ్లకి అన్నం పట్టుకెళ్లేసరికి సగం గరిక తీసేశారు. అయ్యో, ఆపండే అందామని నోరు తెరిచాను."

"మరి?"

"ఆ పక్కది కూడా తీసెయ్యండి అన్నాను."

అమ్మ మళ్లీ రాళ్లు ఏరుకోవడం మొదలుపెట్టింది. అది చూస్తే ఆయన్ని మళ్లీ తీసుకుపోతారు కదే, ఇంకో ఇరవై ఏళ్లు నా వల్ల కాదనిపించింది అంది. ఆ మాట తెలియకుండానే నాన్న పోయారా అని అడిగాను. ఎందుకు తెలియదు, ఆ కెప్టెన్ వెళ్లిన రోజు సాయంత్రమే చెప్పేశాను అంది. నాన్న ఏమన్నారని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అడగకుండానే చెప్పింది.

"వేళ్లతో సహా వచ్చిందా, పైన తెగిందా అని అడిగారు. ఎక్కడ వస్తుందండీ, సగం లోపలే తెగిపోయింది అన్నాను. అయితే మళ్లీ వస్తుందిలే, ఏడవకు అన్నారు."

చేట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, గుమ్మం దగ్గర నిలబడి పొలం వైపు చూసింది.

"వస్తూనే ఉంది. ప్రతి సార్వాకీ వస్తుంది. ఎంత పీకినా చావదు, పీకలేక చస్తున్నాను."